పనిచేసే చెయ్యి

"ఏ చేత్తో పని చేస్తారు?" అని డాక్టరమ్మ అరవంలో అడిగింది.

వేదవల్లి నోరు తెరిచేలోపల పక్కన కూర్చొన్న అత్త ధనభాగ్యం జవాబు చెప్పేసింది. "కుడిచేత్తోనే తల్లీ. మా ఇంట్లో అందరికీ కుడిచెయ్యే."

డాక్టర్ అనుప్రియ వయసులో చిన్నది. బల్లమీద వెల్లకిలా పెట్టిన రెండు అరచేతుల్నీ మార్చి మార్చి చూసింది. కుడి బొటనవేలి కింద కండ నిండుగా ఉంది. ఎడమదాంట్లో అదే చోట పల్లం పడి ఉంది, చెంచాతో ఎవరో కొంచెం తోడుకొన్నట్టు. ఆ బొటనవేలి కొసన నొక్కింది. వేదవల్లికి నొక్కినట్టు కంటికి తెలిసింది గానీ చేతికి తెలియలేదు.

"మామూలుగా ఈ తిమ్మిరి పనిచేసే చేతికే ఎక్కువ ఉంటుంది. మీకు చూస్తే ఎడమదానికి ముదిరింది" అంది డాక్టరమ్మ. "మణికట్టు దగ్గర సన్నటి సందులోనుంచి నరం చేతిలోకి పోతుంది. పైనుండే పట్టీ బిగుసుకొని ఆ నరాన్ని నలిపేస్తా ఉంది. పట్టీని కోసి వదులు చేస్తాము, అంతే. రెండు చేతులకీ చెయ్యాల్సిందే. ఒకేసారి రెండూ కట్టేస్తే మీకు ఇంట్లో కూడు ఎవరు తినిపిస్తారు? అందుకని ఒకటి ముందు, ఒకటి వెనక. ఏది ముందు చేద్దాం?"

"కుడిదే చెయ్యండి మేడమ్. పనిచెయ్యి బాగుంటే చాలు" అన్నాడు సీనివాసన్, వేదవల్లి మొగుడు. వాకిలి దగ్గర నిలబడి, బండి తాళాలు వేలికి తిప్పుకొంటా ఉన్నాడు.

డాక్టరమ్మ వేదవల్లి మొహం చూసింది. వేదవల్లి తలూపింది.

"సరి. కానీ ఎడమదాన్ని ఊరికే వదిలెయ్యొద్దు. కండ పూర్తిగా ఆరిపోయినాక కోస్తే తిమ్మిరి తగ్గుతుందేమో, కండ తిరిగి రాదు."

బయట చెట్టు నీడలో బండి తీస్తా సీనివాసన్ అన్నాడు, "ఎడమదానికి కూడా కోత ఏమిటికే? ఎడమచెయ్యి దేనికి, కడుక్కోడానికే కదా. దానికి తిమ్మిరెక్కితే ఏమి ముణిగిపోయింది?"

ధనభాగ్యం నవ్వింది. వేదవల్లి కూడా నవ్వాలని చూసింది. ఎడమచెయ్యి ఎప్పుడు కొంగులోపలికి పోయిందో ఆమెకే తెలియదు.

మిల్లు గేటు దాటితే వేదవల్లి చెయ్యి మారిపోతుంది. అది ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో నీళ్ళు చేదేది, వడ్డించేది, దీపం పెట్టేది, పసుపుకుంకుమ ఇచ్చేది అంతా కుడిచేత్తో. ప్రతి పనికీ ఒక చిటికెడు ఆలస్యం. కోడలు నిదానం మనిషి అని అత్తకు పేరుపెట్టడానికి అది చాలింది. మిల్లులో దారం తీసే ఫ్రేముల దగ్గర అట్ల కుదరదు. కదురు మీద దారం తెగితే మోకాలితో కదురు ఆపాల, బాబిన్ ఎత్తాల, కొస వెతికి పట్టాల, చిన్న కొక్కెంలో దూర్చాల, బాబిన్ మళ్ళీ కూర్చోబెట్టి పైనుంచి దిగే దూదిపోగుకు కొస తాకించాల. మనిషి ఊపిరి తీసి వదిలేలోపల అతుక్కోవాల. అది వేదవల్లి ఎడమచెయ్యి చేసే పని. చేరిన తొలిదినాల్లోనే అక్కడ అందరూ ఆమెను పుర్రచెయ్యి అన్నారు. సూపర్వైజర్ అరవంలో పీచాంగై అంటాడు. ఆ పేరుకు ఆమె తిరిగి చూస్తుంది. అందులో ఆమెకు కోపం లేదు. పేరుతో పిలిచినట్టే.

ఆపరేషన్ రోజు చెయ్యికి మాత్రమే మత్తిచ్చినారు. భుజం కింద గాలిపట్టీ బిగించినారు. కోసేదానికన్నా ఆ బిగింపే నొప్పి. మధ్యలో పచ్చగుడ్డ అడ్డం కట్టినారు. అవతల తన చెయ్యే ఉంది, తనది కానట్టు.

"ఏ ఊరమ్మా మీది?" అని డాక్టరమ్మ కోస్తానే మాట కలిపింది.

"పుట్టింది మంసాపురం. ఇచ్చింది ఇక్కడే."

"మిల్లులో ఎన్నాళ్ళుగా?"

"జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచి."

నర్సు నవ్వింది. "అక్కా, ఈ కట్టుగుడ్డ మన పక్కూళ్ళో నేసిందే. మీ మిల్లు దారమేమో ఎవరికి తెలుసు?"

"మా దారమైతే మధ్యలో తెగదు" అంది వేదవల్లి. డాక్టరమ్మ కూడా నవ్వింది. చాయ్ తాగినంతసేపట్లో అయిపోయింది. కుట్లు వేస్తా ఉంటే వేదవల్లి పచ్చగుడ్డకేసి చూస్తా పడుకొంది. చెప్పేద్దామా అనుకొంది. డాక్టరమ్మా, మీరు కోసింది వేరే చెయ్యి, అని. చెప్తే ఏమవుతుంది? వాకిట్లో అత్త కూర్చొని ఉంది. చిన్నప్పుడు మంసాపురంలో ఎడమచెయ్యి నడుముకు చుట్టి కట్టేసి అమ్మ ముద్ద తినిపించడం జ్ఞాపకం వచ్చింది. పెళ్ళినాడు అదే అమ్మ చెవిలో, "అక్కడ మాత్రం మరిచిపోయి ఎడమది చాపొద్దే" అంది. అమ్మ చెప్పిన మాటల్లో వేదవల్లి తప్పకుండా పాటించింది అదొక్కటే.

ఇంటికి వచ్చినాక వింత మొదలైంది.

మొదటి పూట కంచం ముందర పెట్టి అత్త అంది, "పాపం, ఎట్ల తింటావో ఏమో. ఎడమచేత్తో తిను, దేవుడు తప్పు పట్టడులే."

వేదవల్లి ఎడమచెయ్యి కంచంలో పెట్టింది. వేళ్ళు వాటంతట అవే పప్పన్నం కలపబోయినాయి. ఆమె వాటిని ఆపింది. కావాలనే నాలుగు మెతుకులు కింద రాల్చింది. ముద్ద సగం నోటికి, సగం గడ్డానికి పోనిచ్చింది. సీనివాసన్ చూసి, "చూడమ్మా, చిన్నబిడ్డలాగ" అని నవ్వినాడు. అత్త కంచం లాక్కొని తానే రెండు ముద్దలు తినిపించింది. తన చేతనైన చెయ్యిని చేతకానట్టు నటించడం కుడిచేత్తో బతకడంకన్నా అలుపుగా ఉంది.

రెండో రోజు మధ్యాన్నం ఇంట్లో ఎవరూ లేరు. ఆమె ఒక్కతే కూర్చొని ఎడమచేత్తో తినింది. ఒక్క మెతుకు కింద పడలేదు. తిమ్మిరి వేళ్ళే అయినా వాటికి దారి తెలుసు. తిన్నాక కంచంకేసి కొంచెంసేపు చూస్తా ఉండిపోయింది.

మెల్లమెల్లగా నటన సడలింది. కుడిచెయ్యి కట్టులో ఉందని అందరికీ తెలుసు. ఎడమచేత్తో తలుపు తీసినా, పాలవాడికి గిన్నె చాపినా, పక్కింటావిడకు కరివేపాకు ఇచ్చినా ఎవరూ మొహం చిట్లించలేదు. "ఆపరేషన్ కదా పాపం" అనేవాళ్ళు. ఆ తెల్లకట్టు ఒక అనుమతిచీటీ లాగ పనిచేసింది. పనులు చకచకా తెమిలిపోతా ఉన్నాయి. "ఒంటిచేత్తోనే కోడలు రెండుచేతుల పని చేస్తా ఉంది" అని అత్తే పక్కింటావిడతో అంది. వేదవల్లి విని, కుట్లు తీసే రోజు ఇంకా ఎంత దూరముందో లెక్క చూసుకొంది. ఎవరైనా ఆ రోజు తొందరగా రావాలనుకొంటారు. ఆమె రాకుండా ఉంటే బాగుండు అనుకొంది.

ఆ వారమే మిల్లునుంచి కాళియమ్మాళ్ చూడవచ్చింది. ఇద్దరివీ పక్కపక్క ఫ్రేములు. కాళియమ్మాళ్ నోరు ఫ్రేముల రొదకు అలవాటుపడిన నోరు, ఇంట్లో మాట్లాడినా వీధికి వినబడుతుంది. సంచిలోనుంచి నాలుగు కమలాపండ్లు తీసి పెట్టి, కట్టు చూసి గుండెమీద చెయ్యేసుకొంది.

"అయ్యో, ఎన్నడీ ఇదు, ఏమే ఇది! కుడిదాన్నా కోసినారు? నీ చెయ్యి ఎడమది కదే!"

వేదవల్లి కన్ను గీటింది. కాళియమ్మాళ్‌కు అది అందలేదు.

"సూపర్వైజరు నన్ను దినం అడుగుతాడు, పీచాంగై ఎప్పుడొస్తుంది, ఆ వరస ఫ్రేములు చూసేదానికి మనుషులు లేరు అని. నువ్వు రాకపోతే దారం తెగినచోటల్లా తెల్లగా దూది ఎగురుతా ఉంది. ఈ కుడిచెయ్యి బాగు చేసుకొని నువ్వేమి చేస్తావే? దీపావళికి మళ్ళా లీవు ఇస్తారా వాళ్ళు? అడిగితే ఇప్పుడే అడగాల, ఒకే మూటగా."

"మెల్లగా మాట్లాడు కాళీ" అంది వేదవల్లి.

వంటింట్లో రుబ్బుతా ఉన్న గ్రైండరు ఆగిపోయింది. ఎవరో ఆపినారు. మళ్ళీ తిరగడానికి చాలాసేపు పట్టింది.

కాళియమ్మాళ్ కాఫీ తాగి పోయింది. అత్త వచ్చి గ్లాసు తీసుకొనిపోయింది. ఏమీ అడగలేదు. సాయంత్రం కూడా అడగలేదు. అడగకపోవడమే వేదవల్లికి బరువైపోయింది.

మరునాడు పొద్దున వేదవల్లి వాకిట్లో ముగ్గు వేసింది. పురటాసి నెల, పెరుమాళ్ళకు తళిగ అని నైవేద్యం పెట్టే శనివారాలు దగ్గరపడతా ఉన్నాయి. వాకిలి బోసిగా వదలడం ఇష్టంలేక, ఎడమచేత్తోనే పిండి తీసుకొంది. చుక్కల చుట్టూ మెలికలు తిరిగే ముగ్గు. ఎన్నేళ్ళుగానో కుడిచేత్తో వేసి వంకరపోయిన మెలిక ఈ రోజు ఒక్క ఊపులో గుండ్రంగా తిరిగింది. కానీ మధ్యమధ్య గీత తెగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి ఉందో అయిపోయిందో ఆమెకు తెలియడంలేదు. పిండి అయిపోయినా చెయ్యి మాత్రం వంపు తప్పకుండా పోతా ఉంది. చూస్తే గీత ఉన్నచోట బాగుంది, లేనిచోట కూడా ఎక్కడికి పోవాలో కనబడుతుంది.

వెనక అత్త నిలబడి ఉంది. చేతిలో చీపురు.

"ఇన్నాళ్ళు ఈ మెలిక ఎప్పుడూ కోడిమెడ లాగ వేసేదానివి" అంది ధనభాగ్యం.

వేదవల్లి లేచి లోపలికి పోయి పొయ్యిమీద పాలగిన్నె దించింది. గుడ్డ పట్టుకోవడం మరిచిపోయింది. ఎడమచేతి మూడువేళ్ళు గిన్నె అంచుమీదే ఉన్నాయి. గిన్నె తిన్నె మీద పెట్టింది, గ్లాసులు తీసుకొంది, చక్కెరడబ్బా కోసం చూస్తా ఉంది.

"యేమే! చెయ్యి!" అని అత్త అరిచింది.

వేదవల్లి చెయ్యి చూసుకొంది. వేళ్ళ కొసలు ఎర్రగా వాచి, చూపుడువేలిమీద తెల్లటి పొక్కు లేస్తా ఉంది. ఎవరిదో వేలు చూసినట్టు చూసింది.

"మండలేదా నీకు?"

"తెలియలేదు అత్తా."

ధనభాగ్యం ఆ చెయ్యిని పట్టుకొని కొళాయి కింద పెట్టింది. నీళ్ళు చాలాసేపు పోయినాయి. ముసలామె తన బొటనవేలితో కోడలి అరచేతిలోని ఆ పల్లాన్ని తడిమింది. ఒకసారి కాదు. తరువాత కుడిచేతి కట్టుకేసి చూసింది.

"పుట్టినకాడ నుంచేనా?"

"ఊఁ."

"మీ అమ్మకు తెలుసా?"

"అమ్మే దాచమంది."

నీళ్ళు ఆపి, చీరకొంగుతో తుడిచి, అత్త గొంతు తగ్గించి అంది: "అయితే అయింది. మావాడికి చెప్పొద్దు. శనివారం తళిగకు సేత్తూరు వాళ్ళంతా వస్తారు. మా మరిదికి ఇట్లాంటివి పడవు, తెలుసు కదా. కుట్లు తీసేస్తే నీ కుడిచెయ్యి బాగైపోతుంది. ముందులాగే ఉండిపోవచ్చు. మిల్లులో నువ్వు ఏ చేత్తో చేస్తే నాకేమి?"

"మరి ఈ చెయ్యి?"

ధనభాగ్యం "చూద్దాం" అని మజ్జిగ చిలకడానికి పోయింది.

కుట్లు తీసే రోజు డాక్టరమ్మ వేళ్ళు ముడవమంది, తెరవమంది. కుడిచెయ్యి బాగానే మానుతా ఉంది. "కొన్నాళ్ళు పట్టు తక్కువగా ఉంటుంది, బరువులు ఎత్తొద్దు" అంది. ఎడమచేతి పొక్కు చూసి ఆమె మొహం మారింది. "ఇది ఎట్ల కాలింది? తెలియలేదా? అయితే ఇంక ఆలస్యం వద్దు. వచ్చే నెలలోపల చేసెయ్యాల. ఇప్పటికే కండ సగం పోయింది."

"చూసి చెప్తాము మేడమ్" అన్నాడు సీనివాసన్. దారిలో మళ్ళీ అదే మాట. "మిల్లువాళ్ళు మళ్ళా లీవు ఇవ్వరు. పనిచెయ్యి అయిపోయింది కదా. ఎడమది అట్లే ఉండనీ. ఊరికే దానికోసం పని పోగొట్టుకొంటావా?"

ఈసారి ధనభాగ్యం నవ్వలేదు. కోడలివైపు చూడనూ లేదు. వేదవల్లి దారిపొడుగునా మిల్లు గోడలు చూస్తా వచ్చింది. సోమవారం ఫ్రేము దగ్గర నిలబడాల. కొస పట్టే వేళ్ళకు కొస తెలియదు. ఎన్నాళ్ళు కంటితో చూసి పట్టడం? కుడిచెయ్యి బాగుపడతా ఉంది, దారం పని తెలియని చెయ్యి.

శనివారం ఇల్లంతా తులసి, కర్పూరం వాసన. పెరుమాళ్ళ పటం ముందర పెద్ద అరిటాకు వేసి, అన్నం, పప్పు, కూరలతో స్వామి మొహం లాగ తళిగ పేర్చినారు. సేత్తూరునుంచి వచ్చిన పెరియసామి ముందు నిలబడి "గోవిందా" అన్నాడు. ధనభాగ్యం మరిది, చచ్చిపోయిన మామకు తమ్ముడు. నుదుటిన నామం, భుజాన మడిచిన కండువా, మెల్లగా మాట్లాడే మనిషి. అందరూ "గోవిందా" అన్నారు. ఆ తరువాత మగవాళ్ళు వరసగా ఆకుల ముందర కూర్చొన్నారు. ఇంటి కోడలు వడ్డించాల, అది ఈ ఇంటి వాడిక. కట్టు పోయింది కాబట్టి సాకు కూడా పోయింది.

అన్నం వడ్డించడం వేరే ఆడవాళ్ళు చేసినారు. వేదవల్లి సాంబారు బకెట్ ఎడమచేతికి తగిలించుకొని, కుడిచేత్తో గరిటె పట్టుకొంది. నిండు గరిటె లేపగానే మణికట్టు దగ్గర కొత్త మచ్చ లాగింది. చెయ్యి వణికింది. మొదటి ఆకు పెరియసామిది. సాంబారు సగం అన్నంమీద, సగం ఆయన పంచెమీద పడింది.

"నిదానం, నిదానం" అన్నాడాయన. కోపం లేదు ఆ గొంతులో.

"మన్నించండి చిన్నమామా."

ఆమె మళ్ళీ గరిటె ముంచింది. మళ్ళీ వణికింది. ఈసారి ఎత్తనేలేదు. బకెట్ కింద పెట్టింది. నిలబడి ఒక ఊపిరి తీసుకొంది. తొందరేమీ లేకుండా, బకెట్ కుడిమోచేతికి తగిలించుకొని గరిటె ఎడమచేతిలోకి మార్చుకొంది. గరిటె లేచింది. కదలలేదు, ఒలకలేదు.

పెరియసామి ఆకుమీద చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఆ చేత్తోనా అమ్మాయీ? ప్రసాదం కదా. కుడిచెయ్యి కట్టు విప్పేసినారే."

వాకిట్లో అప్పడాల బుట్ట పట్టుకొని అత్త నిలబడి ఉంది.

"విప్పేసినారు చిన్నమామా" అంది వేదవల్లి. గొంతు పెంచలేదు. "కానీ నాకు చేతనైన చెయ్యి ఇదే. మిల్లులో ఇన్నాళ్ళు ఈ ఇంటికి జీతం తెచ్చింది ఇదే. ఇప్పుడు చచ్చిపోతా ఉంది. కోసి బాగుచెయ్యాలంటారు. కుడిదానికి ముందు చేయించుకొన్నాను, చెప్పడానికి సిగ్గుపడి."

ఆకుమీద ఆయన చెయ్యి అట్లే ఉంది. ఆమె గరిటెతో పక్క ఆకు దగ్గరికి జరిగింది. అది సీనివాసన్‌ది.

సీనివాసన్ తల ఎత్తి ఆమె మొహం చూడలేదు. గరిటె పట్టిన చేతినే చూసినాడు. చూపుడువేలిమీద ఎండిన పొక్కు, బొటనవేలి కింద పల్లం, అది మొదటిసారి చూస్తా ఉన్నట్టు. దాన్ని కడుక్కొనే చెయ్యి అన్న తన మాట చెవిలో పడిందేమో, చెంపమీద కండరం ఒకటి కదిలింది. వరసంతా అతనికేసే చూస్తా ఉంది. అతను కుప్పగా ఉన్న అన్నం మధ్యలో వేళ్ళతో మెల్లగా గుంట చేసినాడు, సాంబారు నిలవడానికి.

వేదవల్లి పోసింది. గుంట నిండింది, అంచు దాటలేదు.

వాకిట్లోనుంచి ధనభాగ్యం లోపలికి వచ్చింది. బుట్ట ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకొని, పెరియసామి ముందర నిలబడి ఒక అప్పడం తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకొంది.

"ఈ శనివారాలు ముగిసినాక కోడలికి ఆ చేతికి ఆపరేషన్ ఉంది" అంది. "నేనే దాని కూడా పోతా ఉన్నాను. చెయ్యి తియ్యి మరిదీ, సాంబారు చల్లారిపోతా ఉంది."